కాలనీ చరిత్ర ఎవరి నోట వినాలి

(యాచారంలో ఇచ్చిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ఎవరి స్మృతిలో మనం ఇవాళ కూడుకున్నామో ఆ సారు ఈ చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు రెండు తరాలపాటు చరిత్ర పాఠం చెప్పారు. పుస్తకంలోని రాజవంశాలు పూర్తయ్యాక, మీ ఊరి సంగతి మీ ఇంట్లో పెద్దవాళ్లనడిగి రాసుకొని రండని పంపేవారని ఆయన దగ్గర చదువుకున్నవారు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ అలవాటుకు నివాళిగానే ఈ విషయం ఎంచుకున్నాను. ప్రభుత్వం ఇచ్చిన స్థలాల్లో, ప్రభుత్వ సాయంతో లేచిన ఇళ్లలో బతుకుతున్నవారి నోటి చరిత్రను సేకరించడం, భద్రపరచడం, నలుగురికీ అందించడం గురించి మాట్లాడతాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. గృహనిర్మాణ చరిత్రను మనం ఇప్పటివరకు జీవోలలో, బడ్జెట్ పద్దుల్లో, ప్రారంభోత్సవ శిలాఫలకాల్లో వెతుకుతూ వచ్చాం. ఫైలులో కాలనీ స్త్రీ ఇల్లు పుచ్చుకున్న మనిషి. తన నోట చెప్పుకుంటే ఆమె ఇల్లు కట్టిన మనిషి. ఈ రెంటి మధ్య దూరం ఎంతో తేల్చకుండా గడచిన వందేళ్ల మన సమాజ చరిత్ర రాయడం సాధ్యం కాదని నా అభిప్రాయం.

సురవరం ప్రతాపరెడ్డి 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వెలువరించినప్పుడు రాజుల యుద్ధాలను పక్కకు పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు, ఎలాంటి ఇళ్లలో ఉన్నారు అని అడిగారు. తెలుగులో కేంద్ర సాహిత్య అకాడమీ తొలి పురస్కారం 1955లో దక్కింది ఆ పుస్తకానికే. ఆ ప్రశ్నలకు జవాబుల కోసం ఆయన కావ్యాలను, చాటువులను, సామెతలను జల్లెడ పట్టవలసి వచ్చింది. పేదవాడి ఇంటి లోపల ఏముందో తెలియాలంటే ఆయన ఏ కవి వర్ణనలోనో తొంగి చూడవలసిందే. మనకు ఆ ఇబ్బంది లేదు. ఆ మనుషులు మన ఎదురుగా ఉన్నారు. అయినా అడగడం లేదు.

నోటిమాటగా చరిత్రను నిలుపుకోవడం మనకు కొత్త విద్య కాదు. డక్కలివారు మాదిగలకు జాంబపురాణం చెప్పారు. పిచ్చుకుంట్లవారు రెడ్ల గోత్రాలు, వంశాలు వల్లించారు. చేర్యాల నకాషీలు గీసిన పటాలను విప్పి పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు కథ చెప్పారు. కులానికొక కథ ఉంది, ఆ కథ చెప్పడానికి మరో ఆశ్రిత కులం ఉంది, చెప్పినందుకు కట్టుబడిగా ఇచ్చే గింజలు ఉన్నాయి. కాలనీ ఈ ఏర్పాటుకు బయట పుట్టింది. అది పథకం కన్న ఊరు. ఒకే కులంవారి కాలనీ అయినా అది ఎలా వెలిసిందన్నది ఏ కులపురాణంలోనూ లేదు. పట్టా కోసం ఎన్నిసార్లు తిరిగారో, మొదటి రాత్రి ఆ రాళ్లదిబ్బ మీద ఎవరు పడుకున్నారో పాడేందుకు ఏ కథకుడికీ హక్కు రాలేదు. అందువల్ల యాభై ఏళ్లు గడిచినా మన కాలనీలకు తమ కథ తాము చెప్పుకునే పద్ధతి ఏర్పడలేదు.

హైదరాబాద్ చరిత్రలోనే ఈ లోటు మొదటిసారి కనిపిస్తుంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. ఆ ఉత్పాతానికి జ్ఞాపకం లేదనలేం. తల్లిని, భార్యను, బిడ్డను కళ్లెదుటే పోగొట్టుకొని బతికి బయటపడ్డ ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ దుఃఖాన్ని కవిత్వంగా మిగిల్చాడు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని నగరం ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆ తరువాత 1912లో నిజాం ప్రభుత్వం నగరాభివృద్ధి బోర్డును ఏర్పరచింది. ఇరుకు బస్తీలను తీసేసి, రోడ్లు వెడల్పు చేసి, పేదలకు వరుస ఇళ్లు కట్టించిన ఆ సంస్థే మన ప్రాంతంలో ప్రభుత్వ గృహనిర్మాణానికి మూలం. 1960లో అది ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ మండలిలో కలిసింది. వరదకు కవి దొరికాడు, చెట్టు దొరికింది. వరద తరువాతి ఇళ్లకు ఎవరూ దొరకలేదు. నది ఒడ్డున పుట్టి పెరిగిన కుటుంబం బోర్డు కట్టిన వరుసలోకి మారినప్పుడు అద్దె ఎలా కట్టింది, పక్కింట్లో ఎవరు చేరితే ముఖం చిట్లించింది, ఏ వృత్తి వదులుకుంది? ఎన్ని ఇళ్లు కట్టారో లెక్కలున్నాయి. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగినవారు వెళ్లిపోయారు.

పల్లెల్లో ఈ చరిత్ర ఆలస్యంగా మొదలైంది, కానీ వేగంగా నడిచింది. 1975 జూలై 1న ఇందిరాగాంధీ ప్రకటించిన 20 సూత్రాల కార్యక్రమంలో భూమిలేని పేదలకు ఇళ్ల స్థలాలివ్వడం ఒక అంశం. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1983లో అధికారంలోకి వచ్చిన ఎన్.టి. రామారావు ప్రభుత్వం పక్కా ఇళ్లను పెద్ద ఎత్తున చేపట్టింది. కేంద్రం 1985లో తెచ్చిన ఇందిరా ఆవాస్ యోజన 1996 జనవరి 1 నుంచి విడి పథకమైంది. 2006లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో ఇందిరమ్మ కార్యక్రమం, తెలంగాణ వచ్చాక 2015 నుంచి రెండు పడక గదుల ఇళ్లు, 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన నేటి ఇందిరమ్మ ఇళ్లు. ఏ ఊళ్లోనైనా పాత వాడ నుంచి రోడ్డు దాకా నడిచి చూడండి. పెంకులు, రేకులు, స్లాబ్. ఇంటి కప్పును బట్టి అది ఏ ముఖ్యమంత్రి నాటిదో పెద్దవాళ్లు చెప్పగలరు.

అయితే పథకాల పేర్లు వరుసగా చెప్పుకున్నంత మాత్రాన అది కాలనీ చరిత్ర కాదు. కాలనీ చరిత్రలో అడగవలసిన మొదటి ప్రశ్న: ఈ జాగ ఎక్కడిది? సర్కారు పొరంబోకా, కొన్న పట్టా భూమా, చెరువు శిఖం పక్క రాళ్ల నేలా? నీళ్ల బాయికి ఎంత దూరం? ఊరి నడుమ జాగ ఉండగా ఊరికి ఆ కొసన ఎందుకిచ్చారు? మాలమాదిగ వాడలు ఊరి వెలుపల ఉన్న నేల మీద, ఆ వాడకు ఆనుకొనే కొత్త కాలనీకి స్థలం చూపిస్తే పాత దూరం అలాగే నిలిచి ఇంకాస్త సాగుతుంది. కొన్నిచోట్ల కాలనీ పుట్టుకలోనే రక్తముంది. 1985 జూలై 17న కారంచేడులో మాదిగల మీద దాడి జరిగి, ప్రాణాలు పోయాక, ఊరు విడిచి చీరాల చేరుకున్న కుటుంబాలకు అక్కడ విజయనగర్ కాలనీ వెలిసింది. దాన్ని గృహనిర్మాణ శాఖ లెక్కలో ఇన్ని యూనిట్లని రాసుకోవచ్చు. అక్కడి మనుషులు అలా చెప్పరు.

మన ఇబ్రహీంపట్నం తాలూకా సంగతి మరీ ముఖ్యం. 1985లో మండలాలు ఏర్పడే నాటికి యాచారం ఈ తాలూకాలో భాగం. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ 1976లోనే చట్టం వచ్చినా దొరల ఇళ్లలో, పెద్ద రైతుల దగ్గర జీతం ఉండటం ఇక్కడ ఆగలేదు. 1980ల నడిమి కాలంలో ఇబ్రహీంపట్నం తాలూకా వ్యవసాయ కూలీ సంఘం జీతగాళ్లను విడిపించడానికి, పేదల భూమి పేదలకు దక్కించడానికి కోర్టుల్లో, పొలాల్లో పోరాడింది. ఆ ఉద్యమంలో పనిచేసిన గీతా రామస్వామి 2022లో ఇంగ్లీషులో వెలువరించిన ఆత్మకథలో ఈ ఊళ్ల కథ ఉంది. ఒక కార్యకర్త తన వైపు నుంచి నిజాయతీగా చెప్పిన కథ అది. దానికి జోడుగా రావలసింది జీతం మాని ఇంటికొచ్చిన మనిషి కథ. జీతగాడికి దొర పశువుల కొట్టమే ఇల్లు. తన పేరున పట్టా, తన తలుపుకు తన తాళం అన్నది ఎప్పుడు వచ్చింది? విడుదలకూ ఇంటికీ మధ్య ఎన్నేళ్లు పట్టింది, ఆ మధ్యకాలంలో ఎక్కడున్నారు? పథకాల చరిత్ర, ఉద్యమాల చరిత్ర ఇప్పటికి వేరువేరు అలమరల్లో ఉన్నాయి. ఈ రెంటినీ కలిపి చెప్పగలవారు ఈ మండలంలోని కాలనీల్లోనే ఉన్నారు.

అలాంటి ఇంటి గడప మీద కూర్చున్న అవ్వను ఇల్లు ఎప్పుడు కట్టుకున్నవని అడిగితే సంవత్సరం చెప్పదు. ‘మా పెద్దోడు బడికి పోవుడు షురువు చేసిన యేడు పునాది తీసినం, చిన్నపిల్ల పుట్టినంక స్లాబ్ పడ్డది’ అంటుంది. ఆ రెండు గుర్తుల మధ్య ఏళ్లు గడిచాయి. అన్నేళ్లూ ఇల్లు కప్పు లేకుండా నిలిచింది. ఎందుకని అడిగితే అప్పుడు అసలు కథ మొదలవుతుంది. బేస్‌మెంట్ బిల్లు వచ్చింది, లెంటల్ బిల్లు ఆగింది. తెచ్చిన సిమెంట్ బస్తాలు వానకు తడిసి గడ్డకట్టినయి. నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి ఇసుక దింపించారు. మేస్త్రీ మరో ఊరికి పనికి పోయాడు. పగలు ఎవరి పొలంలోనో నాటుకు పోయి వచ్చి, రాత్రి వెన్నెల్లో భర్త పార పడితే తాను తట్ట మోసింది. కడుపుతో ఉండి నీళ్లు మోసి గోడలు తడిపింది. ఇదంతా విన్నాక ఆ ఇంటికి ప్రభుత్వమెంత ఇచ్చింది, ఆమె ఎంత పెట్టిందన్న లెక్క మారిపోతుంది. ఆమె పెట్టినదానిలో పైసలు కొంతే, మిగతాదంతా ఒంటి చాకిరీ. ఆ పద్దు ఏ రిజిస్టర్‌లోనూ లేదు.

ఇప్పటి ఇందిరమ్మ ఇళ్లకు ఐదు లక్షల రూపాయలు దశలవారీగా ఇస్తున్నారు. ప్రతి దశలోనూ అధికారి వచ్చి ఇంటి ముందు యజమానురాలిని నిలబెట్టి ఫోన్‌లో ఫోటో తీసి, స్థలం గుర్తుతో సహా యాప్‌లో ఎక్కిస్తాడు. పునాది ముందు ఆమె, గోడల ముందు ఆమె, స్లాబ్ కింద ఆమె. ఇన్ని లక్షల మంది పేద స్త్రీలు తమ ఇంటి ముందు నిలబడిన చిత్రాలు తెలుగు నేల మీద ఇంతకుముందెప్పుడూ లేవు. ఎంత విలువైన భాండాగారం అది! కాకపోతే ఆ చిత్రాల్లో ఎవరికీ నోరు లేదు. అదే ఫోన్‌లో, అదే గడప ముందు, మరో పదినిమిషాలు ఆమె మాట కూడా ఎక్కించుకుంటే ఆ సేకరణ స్వభావమే మారిపోయేది.

జ్ఞాపకాన్ని నమ్మవచ్చా అని చరిత్రకారులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. ఇటలీలోని తెర్ని పట్టణంలో లూయిజీ త్రస్తుల్లి అనే ఉక్కు కార్మికుడు 1949లో నాటో వ్యతిరేక నిరసనలో పోలీసుల చేతిలో చనిపోయాడు. అలెస్సాండ్రో పోర్టెల్లి అనే పరిశోధకుడు దశాబ్దాల తరువాత అక్కడి కార్మికులతో మాట్లాడితే చాలామంది ఆ మరణాన్ని 1953లో మూకుమ్మడిగా ఉద్యోగాలు తీసేసినప్పటి పోరాటంలో జరిగినట్టు చెప్పారు. పోర్టెల్లి దాన్ని పొరపాటుగా కొట్టేయలేదు. ఆ మరణానికి తగిన కారణం కోసం ఊరంతా వెతుక్కుందని, ఆ వెతుకులాటే చరిత్ర అని చూపించాడు. మన దగ్గరా అంతే. రాజశేఖరరెడ్డి కాలంలో వచ్చిన ఇంటిని ఇందిరాగాంధీ బతికుండగా వచ్చిందని ఏ అవ్వయినా అంటే తేదీ సరిచేయవచ్చు. కానీ ఆ అవ్వకు ఆ ఇల్లు ఎవరి చేతి మీదుగా వచ్చినట్టు తోచిందో ఆ తప్పులోనే తెలుస్తుంది. తేదీకి ఫైలు చూద్దాం. అర్థానికి ఆమెను అడుగుదాం.

అంతకంటే కష్టమైన చిక్కు మరొకటి ఉంది, దాని దగ్గర కాసేపు ఆగుతాను. ప్రభుత్వ ఇంట్లో ఉన్న మనిషికి ప్రశ్నలంటే భయం. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే, 2024 నవంబర్‌లో ఇంటింటి సర్వే, నడుమ రేషన్ కార్డుల తనిఖీలు, పింఛన్ల తనిఖీలు. కాగితం పట్టుకొని గడప తొక్కిన ప్రతి మనిషీ ఏదో ఇవ్వడానికో, తీసేయడానికో వచ్చినవాడే. అందుకే మొదటి రోజు చెప్పే జవాబు సర్వే జవాబు. ఎంత మందిమి, ఎన్ని గదులు, ఏం ఆధారం లేదు, ఇంకా ఏమైనా ఇప్పిస్తారా? ఇందులో అబద్ధం లేదు. రాజ్యంతో ఎలా మాట్లాడాలో పేదలు దశాబ్దాలుగా నేర్చుకున్న భాష అది. ఆ మాటలనే రికార్డు చేసుకొని వచ్చేస్తే మనకు దక్కేది మరో దరఖాస్తు. రెండోసారి, మూడోసారి వెళ్లాలి. కాగితం లేకుండా వెళ్లాలి. భర్తో, వార్డు మెంబరో పక్కన కూర్చొని ఇంటి యజమానురాలి బదులు జవాబు చెబుతుంటే మర్యాదగా మరో పొద్దు వస్తామని లేవాలి. పట్టా ఆమె పేరున ఉన్నా మాట మాత్రం మగవాడి నోట రావడం మన ఇళ్లలో మామూలే.

ఈ ఓపికకు మనకు మంచి ఒరవడి ఉంది. స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ ప్రచురించింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వాళ్లు వెతికి పట్టుకొని మాట్లాడించారు. నాయకుల పుస్తకాల్లో ఆ స్త్రీలు అన్నం పెట్టినవారు, దాచిపెట్టినవారు. తమ నోట చెప్పుకున్నప్పుడు తుపాకి పట్టినవారు, బిడ్డలను వదులుకున్నవారు, పోరాటం ముగిశాక ఇంటికి పొమ్మంటే ఎటు పోవాలో తెలియక నిలబడినవారు. నలభై ఏళ్ల కింద మన భాషలోనే జరిగిన పని ఇది. బొంబాయి మిల్లు కార్మికవాడల గురించి మీనా మీనన్, నీరా అడార్కర్ 2004లో వంద గొంతులతో ఒక పుస్తకం తెచ్చారు. పొట్ట చేతపట్టుకొని ఆ నగరానికి పోయి కామాఠీపురాకు పేరిచ్చిన తెలంగాణ కూలీల వారసులం మనం, అది మనకు దూరపు ముచ్చట కాదు. అమెరికాలోని షికాగోలో 1938లో ప్రభుత్వం కట్టిన జేన్ ఆడమ్స్ గృహ సముదాయాన్ని కూల్చేస్తుంటే, అందులో బతికినవారే పట్టుబట్టి చివరి భవనాన్ని మిగిల్చుకున్నారు. 2025 ఏప్రిల్‌లో అది ప్రభుత్వ గృహాల జాతీయ మ్యూజియంగా తెరుచుకుంది. అక్కడ వంటగది సామాన్లతోపాటు నివాసుల గొంతులను కూడా భద్రపరిచారు. దాని కోసం గట్టిగా నిలబడినవారు ప్రొఫెసర్ల కంటే ముందు ఆ ఇళ్ల మనుషులు.

భద్రపరచడంలో న్యాయం ఒకటి, జాగ్రత్త ఒకటి ఉన్నాయి. జాగ్రత్త ముందు చెబుతాను. ప్రభుత్వమిచ్చిన భూమి అమ్మడం, కొనడం 1977 చట్టం ప్రకారం నిషేధం. ఇళ్ల పట్టాలకూ ఇలాంటి షరతులే ఉంటాయి. అయినా బిడ్డ పెళ్లికో, ఆసుపత్రి ఖర్చుకో తెల్లకాగితం మీద ఇల్లు చేతులు మారడం ఊళ్లో అందరికీ తెలుసు. నమ్మకంతో ఒక తల్లి చెప్పిన ఆ ముచ్చట రేపు ఆమె ఇల్లు రద్దు చేయడానికి రుజువుగా మారకూడదు. కాబట్టి ఏది వినిపించవచ్చో, ఏది తన కాలం తరువాతే తెరవాలో, ఏది చెరిపేయాలో చెప్పే హక్కు పూర్తిగా ఆమెది. వేలిముద్ర వేయించుకొని చేతులు దులుపుకోవడం అనుమతి అనిపించుకోదు. రికార్డు చేసింది ఆమెకు వినిపించి, అప్పుడు అడగాలి.

ఇక న్యాయం. మన పల్లెల పాటలు, కథలు నగరానికి చేరి పరిశోధన గ్రంథాలైనాయి. ఆ గ్రంథాలు ఊళ్లకు తిరిగి రాలేదు. ఈసారి అలా జరగకూడదు. మొదటి ప్రతి ఊళ్లోనే ఉండాలి, బడిలోనో గ్రంథాలయంలోనో. మరొక ప్రతి తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ వంటి చోట ఉండవచ్చు. ఫోన్ మారితే పోయేలా, వాట్సాప్‌లో నలిగిపోయేలా వదిలేయకుండా అసలు రికార్డును రెండు చోట్ల దాచి, ఊరు, కాలనీ, తేదీ, ఎవరు అడిగారు, పక్కన ఎవరున్నారు అన్నవి రాసిపెట్టాలి. అక్షరాల్లో పెట్టేటప్పుడు ఆమె మాటను పుస్తక భాషలోకి దిద్దవద్దు. ‘పోయినం’ అన్నదాన్ని ‘వెళ్లాము’ అని మార్చినప్పుడు మనిషి మారిపోతుంది. తొలి శ్రోతలు కూడా ఆ కాలనీవాళ్లే కావాలి. ఏ సెమినార్‌కూ పోకముందే ఒక సాయంత్రం కాలనీ నడుమ అందరినీ కూర్చోబెట్టి వినిపించాలి. అట్ల కాదు, నువ్వు మరిచినవని పక్కింటామె అడ్డుపడుతుంది. ఆ అడ్డు మాట కూడా రికార్డు కావాలి.

కాలం మన చేతిలో ఎంతుందో అందరికీ తెలుసు. 1983లో పాతికేళ్ల వయసులో పునాది తీసుకున్న దంపతులు ఇప్పుడు డెబ్బైకి దగ్గర పడ్డారు. పాత ఇల్లు కూల్చి అదే జాగలో కొత్త ఇల్లు కట్టుకుంటున్నారు, కట్టుకోవాలి కూడా. దాంతోపాటు పాత తలుపు మీది నంబరు, ట్రంకుపెట్టెలోని పట్టా కాగితం, దూలానికి వేలాడిన ఉయ్యాల గుర్తు పోతాయి. ఇళ్లతోపాటు ఊళ్ల నేల కూడా మారుతోంది. మేడిపల్లి, నానక్‌నగర్, తాడిపర్తి, కుర్మిద్ద రైతులు ఫార్మాసిటీ భూసేకరణలో ఏళ్ల తరబడి నలిగిన సంగతి ఈ సభకు నేను చెప్పనక్కరలేదు. 2025 మార్చిలో ఏడు మండలాల్లోని 56 గ్రామాలతో ఫ్యూచర్ సిటీ అభివృద్ధి సంస్థ ఏర్పడింది, అందులో యాచారం మండలమూ ఉంది. మంచిదో చెడ్డదో తేల్చడం ఈ ఉపన్యాసం పని కాదు. ఈ నేల పటం మళ్లీ గీస్తున్నారన్నది మాత్రం నిజం. కొత్త నగరం తన చరిత్ర తాను రాయించుకుంటుంది, దానికి డబ్బు, మనుషులు ఉంటారు. పాత కాలనీ చరిత్ర రాసేవారెవరో ఇప్పుడే తేల్చుకోవాలి.

ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం ఇది. ఈ వేసవి సెలవుల్లో మండలంలోని ప్రతి ఉన్నత పాఠశాల ఒక కాలనీని ఎంచుకోండి. తొమ్మిదో తరగతి పిల్లలను ఇద్దరిద్దరిగా పంపండి, వీలైతే అదే కాలనీ పిల్లలను పంపండి. వాళ్లను ఎవరూ సర్వేవాళ్లనుకోరు. పంచాయతీ పెద్దలు ఆ రికార్డులు దాచడానికి గ్రంథాలయంలో ఒక బీరువా, ఒక కంప్యూటర్ ఇవ్వండి. ఇక్కడికి వచ్చిన కాలనీల అమ్మలకు ఒక మాట: పిల్లలు వచ్చి అడిగినప్పుడు, నాకేం తెలుసు బిడ్డా అని పంపేయకండి. మీ పేరున ఉన్న ఇంటి చరిత్ర మీకంటే బాగా తెలిసినవారు ఈ రాష్ట్రంలో ఎవరూ లేరు. పిల్లలను కూర్చోబెట్టి, పునాది తీసిన రోజు నుంచి చెప్పండి.